చిత్రకళా విభాగం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

తైలవర్ణాలతో చెట్లను వేసేవారి ప్యాలెట్ మీద ఆకుపచ్చ ట్యూబు ఉండకూడదన్న ఒకే నియమంతో మన సంఘం చిత్రకళా విభాగం ఈ ఏడాది పనిచేసింది. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరుతో ప్రసిద్ధమైన తెలుపు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), వెర్మిలియన్ (ఎరుపు), ఐవరీ బ్లాక్ (నలుపు) అనే నాలుగు రంగులనే అనుమతించి, పాదరసం ఉండే వెర్మిలియన్‌కు బదులు కాడ్మియం రెడ్ తీసుకున్నాము. ఖర్చు తగ్గుతుందని అప్పట్లో చెప్పాము గాని, నిరుటి చిత్రాల్లో వేప, మర్రి, చింత అన్నీ ఒకే పచ్చ పులుముకుని కనబడటమే అసలు కారణం.

నలుపు నుంచి పచ్చ వస్తుందంటే చాలామంది నమ్మలేదు. ఐవరీ బ్లాక్‌లో కొద్దిగా నీలి ఛాయ ఉంటుంది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక ఆదివారం ఓకర్ ముద్దలోకి బఠాణీ గింజంత నలుపును కత్తితో లాగి కలిపితే, దుమ్ము పట్టిన వేపాకు రంగు తేలింది. అందులో ఎరుపు చుక్క తగిలిస్తే పండుటాకు అయింది. చేవెళ్ల దారి మర్రిచెట్ల దగ్గర, ఎర్రమట్టి పక్కన వేసిన ఉత్త బూడిద రంగు ఊడల నీడలో నీలంగా కనబడటం చూసి, నీలం ట్యూబు దాచుకున్నారేమోనని ఒకరినొకరు అనుమానించుకున్నారు కూడా.

అయితే తొలకరి తర్వాతి లేత పచ్చ ఈ నాలుగింటితో రాలేదు. సభ్యుల అభ్యంతరం న్యాయమైనదే కనుక, జూలై నుంచి నలుపు స్థానంలో అల్ట్రామెరీన్ అనే నీలాన్ని, ఓకర్‌తో పాటు నిమ్మపండు పసుపును అనుమతించాము.

అడుగు పొరలోనే అవిసె నూనె ఎక్కువ కలిపి, పైన టర్పెంటైన్‌తో పలుచన చేసిన రంగు వేసిన కాన్వాసులు కొన్ని పగుళ్ళిచ్చాయి. కింద నూనె తక్కువగా, పై పొరల్లో ఎక్కువగా ఉండాలని ముందే చెప్పకపోవడం కమిటీ పొరపాటు. అవిసె నూనెతో తడిసిన గుడ్డలు ముద్దగా పడి ఉంటే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు; అందుకని హాలు బయట నీళ్ళు పోసిన ఇనుప డబ్బా పెట్టాము, గుడ్డలు అందులోనే వేయాలి.

వానాకాలపు చిత్రాలకు జనవరి తర్వాతే వార్నిష్ వేస్తాము. అంతవరకు అవి వెనక గదిలో గోడకు ఆనించి ఉంటాయి. ఆరాయో లేదోనని దయచేసి వేలితో నొక్కి చూడవద్దు.

ఇట్లు,
కార్యదర్శి