డైట్‌లో చదివిన రెండేళ్లను డిగ్రీలో లెక్కగట్టండి: విద్యాశాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు.

రాష్ట్రంలోని ప్రభుత్వ డైట్‌లలో (జిల్లా విద్యా శిక్షణ సంస్థలలో) నడుస్తున్న, ప్రాథమిక పాఠశాల టీచర్లను తయారుచేసే రెండేళ్ల డీఎల్‌ఈడీ కోర్సు గురించి, 2030 తరువాత దాని గతి గురించి ఈ లేఖ రాస్తున్నాను. ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇంటర్న్‌షిప్‌కు వచ్చే ఛాత్రోపాధ్యాయులను, అంటే శిక్షణలో ఉన్న కాబోయే టీచర్లను, తరగతి గదిలో దగ్గరగా చూసినవాణ్ణి. అంతకు మించి ఈ విషయంలో నాకు వేరే హోదా లేదు.

జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం 2030 నాటికి బడిలో పాఠం చెప్పడానికి కనీస అర్హత నాలుగేళ్ల సమీకృత బీఈడీ, అంటే డిగ్రీ, బీఈడీ కలిపి చదివే కోర్సు, కావాలి. ఉపాధ్యాయ శిక్షణ తప్ప మరో కోర్సు లేని సంస్థలు అదే గడువులోగా పలు విషయాలు బోధించే కళాశాలలుగా మారాలని కూడా ఆ విధానంలోనే ఉంది. ఈ రెండు నిబంధనలనూ పక్కపక్కన పెట్టి చదివితే, భీమునిపట్నం నుంచి కార్వేటినగరం దాకా ఉన్న మన డైట్‌లు ఏమవుతాయన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు గడువు ముంచుకొచ్చాక కాకుండా ఇప్పుడే, అదీ మీ నుంచే రావాలని కోరుతున్నాను.

డైట్‌లు 1986 నాటి జాతీయ విద్యా విధానం నుంచి పుట్టాయి. ఆ మరుసటి ఏడాది కేంద్రం మొదలుపెట్టిన పథకం కింద జిల్లాకొకటి చొప్పున ఏర్పడ్డాయి. మన రాష్ట్రంలో వాటి చిరునామాలు చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. వమరవల్లి, బొమ్మూరు, దూబచర్ల, అంగలూరు, బోయపాలెం, మైనంపాడు, పల్లిపాడు, బి.తాండ్రపాడు, బుక్కపట్నం. వీటిలో చాలావరకు పల్లెటూళ్లు. చుట్టుపక్కల మండలాల పిల్లలు ఇంటర్ పాసై, ప్రవేశ పరీక్ష డీసెట్ రాసి, బస్సెక్కి వెళ్లి చదువుకోగలిగిన దూరంలోనే ఉపాధ్యాయ వృత్తికి దారి దొరికింది. ఊళ్లలో జనం ఇప్పటికీ ఈ చదువును టీటీసీ అనే అంటారు. పేరు ఎన్నిసార్లు మారినా, పేదింటి ఆడపిల్ల రెండేళ్లలో ఉద్యోగానికి అర్హత సంపాదించుకునే చదువుగా దానికున్న గుర్తింపు మాత్రం మారలేదు.

ఈ కోర్సుకు కాలం చెల్లిందని వాదించేవారు సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న ఇచ్చిన తీర్పును ఒకసారి చూడాలి. ప్రాథమిక తరగతుల బోధనకు బీఈడీ తగిన అర్హత కాదని తేలుస్తూ, బీఈడీ వారిని కూడా ఆ పోస్టులకు అనుమతించిన 2018 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నోటిఫికేషన్‌ను న్యాయస్థానం కొట్టివేసింది. చిన్నపిల్లలకు చెప్పడం వేరే విద్య అని, అందుకు వేరే తర్ఫీదు కావాలని ఆ తీర్పు సారాంశం. 2025లో మీ ప్రభుత్వం 16,347 పోస్టులతో ఇచ్చిన మెగా డీఎస్సీలో ఆరు వేలకు పైగా ప్రాథమిక తరగతులు బోధించే సెకండరీ గ్రేడ్ టీచర్ (ఎస్జీటీ) పోస్టులే. వాటికి పోటీపడాలంటే చేతిలో డీఎల్‌ఈడీ గాని, దానికి సమానమైన అర్హత గాని ఉండితీరాలి. అంతకు ముందు భర్తీ పూర్తయిన డీఎస్సీ 2018 నాటిది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వెలువడిన నోటిఫికేషన్ రద్దయింది. అన్నేళ్లు నియామకాలు లేకపోతే ఏ కోర్సుకైనా ఆదరణ తగ్గుతుంది. దాన్ని చూపించి కోర్సులోనే పస లేదనడం న్యాయం కాదు.

అయితే కోర్సు ఇప్పుడు నడుస్తున్న తీరు బాగుందని చెప్పడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. ఒక ఉదాహరణ మనవి చేస్తాను. మూడో తరగతిలో 52 నుంచి 27 తీసివేయమంటే పిల్లలు తరచుగా 35 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి, ఏడులోంచి రెండు తీసేస్తారు. ఇది నిర్లక్ష్యంతో చేసిన తప్పు కాదు. ‘పెద్ద అంకెలోంచి చిన్నది తీయాలి’ అని ఒకటో తరగతిలో నేర్చుకున్న సూత్రాన్ని పిల్లవాడు బుద్ధిగా పాటించాడు. ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన ఛాత్రోపాధ్యాయిని అక్కడ ఎర్రసిరాతో ఇంటూ పెట్టి, ‘పదుల స్థానం నుంచి ఒకటి అప్పు తెచ్చుకోవాలి’ అని బోర్డు మీద మళ్లీ అదే లెక్క చేసి చూపిస్తుంది. పిల్లవాడు తలాడించి, తరువాతి లెక్కలో మళ్లీ అదే తప్పు చేస్తాడు. నాలుగేళ్లు ఆ తరగతి చెప్పిన టీచరమ్మ అయితే ముందు ‘ఎలా చేశావో చెప్పు నాన్నా’ అని అడుగుతుంది. తరువాత చీపురుపుల్లలను పదేసి చొప్పున రబ్బరుబ్యాండు వేసి కట్టిన ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టి, ఏడు ఇవ్వమంటుంది. చేతిలో రెండే ఉన్నాయని వాడికి తెలుస్తుంది. కట్ట విప్పాలన్న ఆలోచన వాడికే వస్తుంది.

ఆ పది నిమిషాల పనిలో ఉన్న నేర్పే మొత్తం ఉపాధ్యాయ శిక్షణకు గుండెకాయ. అది ఉపన్యాసంలో రాదు. పిల్లల ముందు నిలబడి, తప్పు చేసి, వెనక బెంచీలో కూర్చుని గమనిస్తున్న అధ్యాపకుడితో సాయంత్రం మాట్లాడితేనే వస్తుంది. ఎన్‌సీటీఈ 2014 నిబంధనలు ఇంటర్న్‌షిప్‌కు 20 వారాలు కేటాయించింది అందుకే. ఆచరణలో ఆ వారాలు ఎలా గడుస్తున్నాయో మీ అధికారులకు తెలియనిది కాదు. టీచరు సెలవు పెట్టిన తరగతికి ఛాత్రోపాధ్యాయుణ్ణి పంపిస్తారు. యాప్‌లో ఫొటోలు ఎక్కించే పని అప్పగిస్తారు. పాఠ్య ప్రణాళికల రికార్డులు కొందరు డబ్బిచ్చి బయట రాయించుకుంటారు. పరీక్షకుడి కోసం థర్మోకోల్‌తో చేసిన బోధనోపకరణం ఆ తరువాత బీరువా మీద దుమ్ము పట్టి ఉంటుంది. ఇక పర్యవేక్షణకు వచ్చే అధ్యాపకుడు చాలాసార్లు ఉన్నత పాఠశాల నుంచి డిప్యుటేషన్‌పై వచ్చినవారు. తన విషయంలో దిట్టే కావచ్చు గాని, ఒకటో తరగతి పిల్లలకు అక్షరం నేర్పిన అనుభవం ఆయనకు ఉండదు. తప్పు ఆయనది కాదు. ప్రభుత్వ, పంచాయతీరాజ్ ఉపాధ్యాయుల ఏకీకృత సర్వీసు రూల్స్ వివాదం కోర్టుల్లో నలుగుతూ వచ్చినంత కాలం డైట్ లెక్చరర్ల శాశ్వత నియామకం పక్కకు పోయింది. ఆ ఖాళీలను సర్దుబాట్లతోనే నెట్టుకొచ్చారు.

ఈ లోపాలకు నాలుగేళ్ల డిగ్రీయే మందు అని చాలామంది అంటున్నారు. అందులో కొంత నిజముంది. ఉపాధ్యాయుడికి విషయ పరిజ్ఞానం ఇంటర్‌తో ఆగిపోకూడదు. ఉపాధ్యాయ విద్య స్థితిగతులపై జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో నివేదిక ఇచ్చాక, ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచమని ఎవరూ వాదించలేరు. కాని ఆ డిగ్రీ ఎక్కడ నడుస్తుంది? విశ్వవిద్యాలయాల్లో, పెద్ద కళాశాలల్లో. ప్రవేశానికి జాతీయ స్థాయి పరీక్ష రాయాలి. బుక్కపట్నం దగ్గరి పల్లెలోని అమ్మాయిని రెండేళ్ల డైట్‌కు పంపించిన తల్లిదండ్రులు, నాలుగేళ్ల హాస్టల్ ఖర్చు భరించి నగరానికి పంపిస్తారా? చాలా ఇళ్లలో ఆ లోపే పెళ్లి మాట వస్తుంది. అంతకంటే ముఖ్యంగా, విశ్వవిద్యాలయ ప్రాంగణం పక్కన ఏకోపాధ్యాయ పాఠశాల ఉండదు. రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పడం ఎలాగో నేర్చుకోవాలంటే అలాంటి బడికే వెళ్లాలి. మన డైట్‌ల చుట్టూ ఉన్నవి అలాంటి బళ్లే.

అందువల్ల నా విన్నపం ఒక్కటే. డైట్‌లో పూర్తిచేసిన రెండేళ్లను నాలుగేళ్ల సమీకృత డిగ్రీలో సగంగా గుర్తించే ఏర్పాటు చేయండి. మొదటి రెండేళ్లు డైట్‌లో, పిల్లల మధ్య. తరువాతి రెండేళ్లు దగ్గరలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో విషయ అధ్యయనం. మధ్యలో ఉద్యోగం వచ్చినవారు పనిచేస్తూనే మిగిలిన సగం పూర్తిచేసుకునే వీలుండాలి. ఇది గాలిలో మేడ కాదు. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం కమ్యూనిటీ కాలేజీల్లో ఉపాధ్యాయ విద్యకు ప్రత్యేకంగా రెండేళ్ల అసోసియేట్ డిగ్రీని పెట్టి, ఆ క్రెడిట్లను (పూర్తిచేసిన చదువుకు లెక్కకట్టే పాయింట్లను) రాష్ట్రంలోని నాలుగేళ్ల కళాశాలలు అంగీకరించేలా చాలాకాలం క్రితమే ఒప్పందం చేసింది. ఇంటికి దగ్గరగా, తక్కువ ఖర్చుతో మొదలుపెట్టిన విద్యార్థి చదివిందే మళ్లీ చదవకుండా పై తరగతిలో చేరగలగడం ఆ పద్ధతి ప్రాణం. మన దేశంలోనూ క్రెడిట్లను జమచేసి బదిలీ చేసుకునే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021 నుంచి ఉంది. డైట్‌లో చదివిన రెండేళ్లను కూడా ఆ ఖాతాలో వేయమనే నేను అడుగుతున్నది.

ఇందుకు ఎన్‌సీటీఈ అనుమతి కావాలని, రాష్ట్రం తనంతట తాను చేయలేదని తెలుసు. కాని ప్రతిపాదన పంపవలసింది రాష్ట్రమే. డైట్‌లను శ్రేష్ఠమైన సంస్థలుగా తీర్చిదిద్దుతామని 2023 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి స్వయంగా చెప్పారు కనుక, ఆ మాటను పట్టుకుని అడగడానికి ఇదే సమయం.

ప్రతిపాదన ఢిల్లీలో ఎంతకాలం ఉన్నా, రాష్ట్రం చేతిలోనే ఉన్న పనులు ఆగనక్కర్లేదు. డైట్ లెక్చరర్ పోస్టుల్లో కొంత భాగాన్ని, కనీసం ఐదేళ్లు ప్రాథమిక తరగతులు బోధించి పీజీ చేసిన ఎస్జీటీలకు కేటాయించండి. అలాంటివారు మన శాఖలో ఎందరో ఉన్నారు. ప్రతి డైట్‌కు చుట్టుపక్కల కొన్ని బడులను శాశ్వత ప్రయోగ పాఠశాలలుగా ప్రకటించి, అక్కడి అనుభవజ్ఞులైన టీచర్లకు ఛాత్రోపాధ్యాయులను తీర్చిదిద్దే బాధ్యతను, అందుకు తగిన గౌరవ వేతనాన్ని ఇవ్వండి. ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవారిని సెలవు పెట్టిన టీచర్ల స్థానంలో వాడుకోకూడదని స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వండి.

మరొక మాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 26 అయ్యాయి. డైట్‌లు మాత్రం ఉమ్మడి జిల్లాల లెక్కన వచ్చినవి. పాడేరు కొండల్లోని పిల్లలకు చదువు చెప్పబోయేవారు భీమునిపట్నం సముద్రం ఒడ్డున శిక్షణ పొందడంలో తప్పేమీ లేదు గాని, గిరిజన భాష కువి మాట్లాడే పిల్లవాడికి తెలుగు అక్షరం పరిచయం చేసే పద్ధతి కువి వినిపించే చోటనే వంటబడుతుంది. ఇరవై ఏళ్ల క్రితం ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కోయ వంటి ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేసి, మాతృభాషలో బోధన మొదలుపెట్టిన అనుభవం మన శాఖకే ఉంది. ఆ వాచకాలను చేతబట్టి పనిచేసిన టీచర్లు ఇంకా సర్వీసులో ఉండగానే అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక డైట్‌ను, చిన్నదైనా సరే, ప్రారంభించాలని కోరుతున్నాను.

వచ్చే డీసెట్ నోటిఫికేషన్‌తోపాటే, ఈసారి చేరే విద్యార్థుల రెండేళ్ల చదువు 2030 తరువాత చెల్లుతుందా, చెల్లితే ఏ రూపంలో అన్నది ప్రభుత్వం లిఖితపూర్వకంగా ప్రకటించాలని ప్రార్థిస్తున్నాను. దరఖాస్తు నింపే ముందు ఆ సంగతి తెలుసుకునే హక్కు ఆ పిల్లలకు ఉంది.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు