వెనక కూర్చునే పిల్లలకూ హెల్మెట్

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల తేదీలు, ఆటల పోటీల వివరాలు లోపలి పేజీల్లో ఉన్నాయి. నేను ఈసారి ఒక్క విషయమే రాస్తున్నాను. ఉదయం గేటు దగ్గర చూస్తుంటే, బైకులు, స్కూటర్లు, మోపెడ్ల మీద వచ్చే పెద్దవాళ్ళలో చాలామంది హెల్మెట్ పెట్టుకుంటున్నారు. సంతోషం. వెనక కూర్చున్న పిల్లల్లో ఎక్కువమందికి మాత్రం ఉండటం లేదు.

అడిగితే "స్కూలు దగ్గరే కదండీ" అంటారు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు దాటేస్తుంది. అడ్డం వచ్చినదాన్ని చూసి బ్రేకు వేసేలోపే దాదాపు అంత దూరం అయిపోతుంది. ఇల్లు దగ్గరైనా దూరమైనా ఈ లెక్క మారదు. హెల్మెట్ వల్ల మరణించే ముప్పు సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయని వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2008లో వెలువరించిన సమీక్ష తేల్చింది.

అయితే పెద్దవాళ్ళ హెల్మెట్‌ని పిల్లల తలకు తగిలిస్తే లాభం లేదు, కిందపడేటప్పుడు అది ఊడిపోతుంది. పిల్లల సైజుదే కొనండి. గడ్డం కింద బెల్టు బిగించాక, తల ఊపితే హెల్మెట్ తలతో పాటే కదలాలి. లోపలి నురుగు పొర తాను నలిగి దెబ్బ బలాన్ని తగ్గిస్తుంది. ఒకసారి నలిగితే మళ్ళీ మామూలుగా అవ్వదు. కాబట్టి ప్రమాదంలో దెబ్బతిన్న హెల్మెట్ పైకి ఎంత బాగున్నా వాడకండి.

చిన్నపిల్లల్ని స్కూటర్ ముందు నిలబెట్టకండి. సడన్ బ్రేకు వేస్తే మొహం నేరుగా హ్యాండిల్‌కే కొట్టుకుంటుంది. వెనక సీటులోనైనా కాళ్ళు ఫుట్‌రెస్ట్‌కి అందని వయసులో బండి ఎక్కించకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. పగలు కూడా హెడ్‌లైట్ వేసుకోండి. బండి సన్నగా ఉంటుంది కాబట్టి, మలుపు తిరిగే కారు డ్రైవరుకు అది కనపడకపోవచ్చు, కనపడినా దాని వేగం అంచనాకు అందకపోవచ్చు.

ఇక మా వైపు నుంచి. హెల్మెట్ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తేవడం లేదని కొందరు పిల్లలు చెప్పారు. సోమవారం నుంచి ప్రతి తరగతిలో అందుకోసం ఒక అర ఉంటుంది. ఆలస్యమవుతుందన్న టెన్షన్‌లో బండి వేగంగా నడపొద్దు. కాస్త ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని బయట నిలబెట్టవద్దని, కోప్పడవద్దని టీచర్లందరికీ చెప్పాను. వచ్చే తల్లిదండ్రుల సమావేశానికి పిల్లల హెల్మెట్ కూడా తీసుకురండి. సైజు సరిపోయిందో లేదో వ్యాయామ ఉపాధ్యాయులు చూసి చెబుతారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు