చక్రం ఊడితే పెట్టె పారేయాల్సిందేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను విజయవాడ వన్‌టౌన్‌లో బ్యాగులు, సూట్‌కేసులు బాగుచేస్తాను. మా నాన్న కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర రేకు పెట్టెలకు గడియలు, కీలుబందులు వేసేవాడు. పదమూడో ఏట ఆయన పక్కన కూర్చున్నాను. ఇప్పుడు నాకు యాభై ఎనిమిది. ఈలోగా రేకు పెట్టెలు పోయాయి, తోలు సూట్‌కేసులు పోయాయి, గట్టి ప్లాస్టిక్ సూట్‌కేసులు వచ్చి వెళ్లాయి, చక్రాల ట్రాలీలు వచ్చాయి. వేసవి దగ్గరపడుతోంది. మన విజయవాడ, గుంటూరుల నుంచి పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు పెట్టెలు కొనేది ఇప్పుడే. వాళ్లు డబ్బు చెల్లించేలోపు నా మాట వాళ్ల చెవిన పడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన జూలైలో పటమట నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు, ఆయన భార్య నా దగ్గరికి వచ్చారు. డల్లాస్‌లో కూతురి దగ్గర మూడు నెలలు ఉండి తిరిగొచ్చారు. రెండు పెద్ద పెట్టెలూ ప్రయాణం కోసమే కొత్తగా కొన్నవి. ఒకదానికి చక్రం ఊడిపోయి, ఆ మూల పగిలింది. శంషాబాద్‌లో దిగాక విజయవాడ బస్సు దాకా మాస్టారు ఆ పెట్టెను ఎత్తుకొచ్చారు. డెబ్బై దాటిన మనిషి, ఇరవై కిలోల పైన బరువు. "కొని నాలుగు నెలలు కాలేదయ్యా, దీనికేమైనా దారి ఉందా?" అని అడిగారు. అమ్మగారు పక్కన నిలబడి ఆయన నడుముకి మందు రాస్తూనే ఉన్నానని చెప్పారు.

తెరిచి చూశాను. చక్రాన్ని రివెట్లతో కొట్టేసి, దాని మీద లైనింగ్ అతికించేశారు. ఆ గుడ్డ కోయకుండా లోపలికి చెయ్యి పోదు. కోశాను, రివెట్లు డ్రిల్లుతో తీశాను. తీరా చూస్తే ఆ కొలత చక్రం నా దగ్గర లేదు. కొన్న షాపులో లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే విడిభాగాలు అమ్మం అన్నారట. చివరికి ఎవరో వదిలేసి వెళ్లిన పాత పెట్టె చక్రం తీసి వేశాను. పగిలిన మూలకు లోపలివైపు అల్యూమినియం పట్టీ బిగించి ఇచ్చాను. పని జరిగింది గానీ నాకు తృప్తి లేదు. ఆ పెట్టె ఒళ్లు ఇంకో పదేళ్లు ఉంటుంది. ఒక్క చక్రం కోసం దాన్ని చెత్తలో వేయమనడం నాకు మింగుడుపడలేదు.

ఇన్నేళ్లలో నేను చూసిందేమిటంటే, పెట్టె పొట్ట త్వరగా పోదు, కీళ్లు పోతాయి. చక్రాలు, లాగే హ్యాండిల్, జిప్పు. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఈ మూడింటి గొడవే. కొనేవాళ్లు మాత్రం రంగు చూస్తారు, మెరుపు చూస్తారు, ఎంత తగ్గించాడో చూస్తారు. షాపులో పెట్టెను బోర్లించి చక్రం ఎలా బిగించారో చూసినవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ.

అది చూడండి. స్క్రూలు కనిపిస్తే మంచిది. లోపల లైనింగ్ అడుగున చిన్న జిప్పు ఉందేమో తెరిచి చూడండి. ఉంటే ఆ పెట్టె చేసినవాడు రిపేరు సంగతి ఆలోచించాడని అర్థం. హ్యాండిల్‌ని పూర్తిగా పైకి లాగి పక్కలకు ఊపండి. కొత్తదే లొడలొడలాడితే, బరువు పడ్డాక ఇంకా వదులవుతుంది. జిప్పు పళ్ల వెడల్పు చూడండి. జిప్పు నంబరు దాదాపు మిల్లీమీటర్ల లెక్కే: 5 నంబరు అంటే మూసినప్పుడు సుమారు అయిదు మిల్లీమీటర్లు. పెద్ద పెట్టెకు 8 కానీ 10 కానీ ఉండాలి. జపాన్ వాళ్ల వైకేకే జిప్పు ఉంటే మంచి గుర్తే. జిప్పు సరిగ్గా మూసుకోకపోతే మొత్తం మార్చాలని కంగారు పడొద్దు. చాలాసార్లు అరిగింది రన్నర్ ఒక్కటే, అంటే పళ్ల మీద జారే ముక్క. దాన్ని మార్చడం పావుగంట పని.

గట్టి పెట్టెల్లో ఏ ప్లాస్టిక్ అన్నది అడగండి. ఏబీఎస్ చవక, బిరుసు. వంచితే తెల్లటి గీత పడుతుంది, అక్కడే తర్వాత పగులుతుంది. పాలీకార్బనేట్ అయితే బొటనవేలితో నొక్కినప్పుడు లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తుంది. దెబ్బ పడ్డా అంతే. కొన్ని ఏబీఎస్ పెట్టెలకు పైన పాలీకార్బనేట్ పల్చటి పొర వేసి చీటీ మీద ఆ పేరు కూడా కలిపి రాస్తారు. చీటీ మొత్తం చదవండి. పాలీప్రొపిలిన్ పెట్టెలు తేలికగా ఉంటాయి, దెబ్బలకు బాగా ఓరుస్తాయి. అయితే ఒకసారి పగిలిందంటే దానికి ఏ జిగురూ అంటదు, వేడి పెట్టి అతకాల్సిందే. గుడ్డ బ్యాగుల్లో డీనియర్ అనే అంకె ఉంటుంది. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే డీనియర్. 1680 డీనియర్ బాలిస్టిక్ నైలాన్ దొరికితే ఇంక చూసుకోనక్కర్లేదు. అంకె ఒకటే అయినా పాలిస్టర్ కంటే నైలాన్ రాపిడికి ఎక్కువ ఆగుతుంది. చిరిగితే గుడ్డకు మాసిక వేసి కుట్టగలను. పగిలిన ఏబీఎస్‌కి ఆ మాట ఇవ్వలేను.

రెండేళ్లకోసారి విమానం ఎక్కేవాళ్లకీ, వారం వారం ఎక్కేవాళ్లకీ ఒకే పెట్టె చెప్పడం తప్పు.

అమెరికా వెళ్లే తల్లిదండ్రుల సంగతి ముందు. సాధారణంగా 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు, ఒక్కోదాని పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదు. చీటీ మీద అంగుళాలు చక్రాలు వదిలేసి రాసినవి ఉంటాయి. విమానం వాళ్లు చక్రాలు, పిడులు కలిపే కొలుస్తారు. టేపు తీసుకెళ్లండి. ఆవకాయ, కందిపొడి, చీరలు, మనవరాలి గాజులు అన్నీ సర్దాక పెట్టె సొంత బరువు అయిదు కిలోలుంటే నష్టమే కదా. అమెరికాలో తనిఖీవాళ్లు పెట్టె తెరవచ్చు. వాళ్ల దగ్గర తాళంచెవి ఉండే టీఎస్‌ఏ తాళం కాకపోతే కోసేస్తారు. ఇంకో మాట. పళ్లకు బదులు ప్లాస్టిక్ తీగ చుట్టలు చుట్టి ఉండే జిప్పును బాల్‌పెన్ను మొనతో గుచ్చితే విచ్చుకుంటుంది, రన్నర్ లాగితే ఏమీ తెలియనట్టు మూసుకుంటుంది. ఎంత మంచి తాళం వేసినా బంగారం మాత్రం లగేజీలో పెట్టకండి.

వీళ్ల పెట్టెలు ప్రయాణంలో కంటే అటక మీద ఎక్కువ పాడవుతాయి. ఇది చాలామంది నమ్మరు. మన బెజవాడ ఎండ, కృష్ణ ఒడ్డు తేమ, రెండేళ్లు ప్లాస్టిక్ కవరులో ముడి. చక్రం మీది మెత్తటి పొర పాలీయురెథేన్ అయితే తేమకు అది దానంతటదే పొడిపొడి అవుతుంది. గుడ్డ బ్యాగు లోపలి పూత జిగురుగా మారి పెచ్చులూడుతుంది. ఒకమ్మగారు అటక మీంచి దించిన పెట్టెను మా షాపు మెట్ల దగ్గర రెండడుగులు లాగగానే చక్రాలు ముక్కలు రాలాయి. అదే రోజు రాత్రి ఆవిడ ప్రయాణం. పాత దుప్పటి చుట్టి గాలి తగిలేచోట పెట్టండి. టికెట్టు కొన్నరోజే పెట్టె దించి, పుస్తకాలో బియ్యమో వేసి మేడ మీద అటూ ఇటూ లాగి చూడండి. చక్రం పోయేదైతే అక్కడే పోతుంది, మాకూ బాగుచేసే టైమ్ ఉంటుంది.

వారం వారం తిరిగేవాళ్ల లెక్క వేరు. గన్నవరం నుంచి వారానికోసారైనా విమానం ఎక్కే మందుల కంపెనీ ఉద్యోగి ఒకాయన నా పాత ఖాతాదారు. ఆయనది రెండు చక్రాల నైలాన్ బ్యాగు, క్యాబిన్ సైజు. తొమ్మిదేళ్లుగా నా చేతుల్లో ఉంది. చక్రాలు మూడుసార్లు మార్చాను, రన్నర్లు రెండుసార్లు. ఆ చక్రాల్లో ఉండేది స్కేటింగ్ చక్రాల్లో వాడే 608 బేరింగు. మన ఆటోనగర్‌లో దొరుకుతుంది. దొరికే సామాను వాడటం వల్లే ఆ బ్యాగు బతికింది. దేశంలోపల ఎక్కువ విమానాల్లో చేతి బ్యాగుకి 7 కిలోలే, అదీ బ్యాగు బరువుతో కలిపి. మూడు కిలోల గట్టి పెట్టె తీసుకుంటే మీకు మిగిలేది నాలుగు కిలోలు. అందుకే ఇలాంటివాళ్లకి తేలికైన గుడ్డ బ్యాగు చెబుతాను.

నాలుగు చక్రాలా రెండు చక్రాలా అని రోజూ అడుగుతారు. ఎయిర్‌పోర్టు నున్నటి గచ్చు మీద నాలుగు చక్రాలది చేతితో నెట్టినా పోతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి అదే సుఖం. కానీ ఆ చక్రాలు అడుగున బయటికి పొడుచుకుని ఉంటాయి, సామాను విసిరినప్పుడు మొదటి దెబ్బ వాటికే. రెండు చక్రాలవి మూలలో లోపలికి దాగి ఉంటాయి. మన బస్టాండు ముందు, గుంటూరు బ్రాడీపేట సందుల్లో గతుకుల మీద లాగాలంటే అవే నయం. నిలబెట్టి లాగే ఈ రెండు చక్రాల పెట్టెను 1987లో రాబర్ట్ ప్లాత్ అనే అమెరికా పైలట్ తయారుచేశాడు. విమానాల్లోనే బతికే మనిషి చేసుకున్న పెట్టె కాబట్టి ఆ తీరు ఇప్పటికీ చెల్లుతోంది.

దెబ్బతిన్న పెట్టెతో ఎయిర్‌పోర్టు దాటి బయటికి రావద్దు. గవర్నర్‌పేటలో ప్రాక్టీసు చేసే ఒక వకీలు గారు బ్యాగు రిపేరుకి వచ్చి నాకు ఈ సంగతి చెప్పారు. అక్కడే విమాన సంస్థ కౌంటర్‌లో పీఐఆర్ అనే ఫిర్యాదు కాగితం రాయించుకోవాలి. అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది, అందులో మన దేశం 2009లో చేరింది. దాని ప్రకారం సామాను చేతికందిన ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పటమట మాస్టారు నా దగ్గరికి వచ్చేసరికే ఏడు రోజులు దాటిపోయాయి. కంపెనీ వారంటీ చూద్దామంటే, విమానంలో జరిగిన దెబ్బకు వర్తించదని చాలా కార్డుల మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొనేముందు ఆ అక్షరాలు షాపువాడితోనే చదివించుకోండి.

ఇక నేను అడగదలచుకున్నది. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలు అందుకు ఎంచుకున్నారు. ప్రయాణపు పెట్టెలు ఆ జాబితాలో లేవు. చేర్చాలని కోరుతున్నాను. వేల రూపాయలు పోసి కొన్న వస్తువుకి చక్రం, హ్యాండిల్, రన్నర్ విడిగా అమ్మడం కంపెనీలకు పెద్ద భారం కాదు. కనీసం ఆ మోడల్ అమ్మినన్నాళ్లూ, ఆ తర్వాత అయిదేళ్లూ విజయవాడ లాంటి ఊళ్లో విడిభాగాలు దొరకాలి. చక్రం స్క్రూతో బిగించారా రివెట్టుతోనా అన్నది చీటీ మీద రాయాలి. పాత గట్టి ప్లాస్టిక్ సూట్‌కేసుల రోజుల్లో తాళాలు, పిడులు మాకు డబ్బాల్లో వచ్చేవి. నా షాపులో ఆ డబ్బాలు ఇంకా ఉన్నాయి, ఆ పిడులు ఇంకా కొన్ని మిగిలాయి.

మా బెసెంట్ రోడ్డు, వన్‌టౌన్ షాపుల వాళ్లకీ ఒక మనవి. మీరు అమ్మే ప్రతి మోడల్‌కీ నాలుగు చక్రాలు అదనంగా తెప్పించి ఉంచండి. బిగించే పని మేం చూసుకుంటాం.

పటమట మాస్టారు గారు వచ్చే మే నెలలో మళ్లీ డల్లాస్ వెళ్తున్నారు. కూతురికి రెండో కాన్పు. అదే పెట్టె తీసుకెళ్తానని నిన్న ఫోన్ చేసి చెప్పారు. నేను వేసిన ఆ పాత చక్రం అంత దూరం వెళ్లి రాగలదా అని నాకు టెన్షన్‌గా ఉంది. సరైన కొలత చక్రం కోసం హైదరాబాద్, చెన్నైలలో తెలిసినవాళ్లకి చెప్పి ఉంచాను. ఇంకా దొరకలేదు.

ఇట్లు,
బ్యాగుల రిపేరు పనివాడు,
వన్‌టౌన్, విజయవాడ.