కారు పట్టని పార్కింగ్‌కు అనుమతి ఇవ్వకండి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇళ్ల ప్లాన్లు గీసి, కట్టించే పనిలో ఉన్న ఇంజనీర్లం, ఆర్కిటెక్టులం ఈ లేఖ రాస్తున్నాం. 2020లో ఇళ్ల ప్లాన్లకు ఆన్‌లైన్‌లో అనుమతిచ్చే టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టుకునేవారికి స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి చేతికొస్తోంది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, ఆ వెసులుబాటు అలాగే ఉండాలి. పార్కింగ్ దగ్గరకొచ్చేసరికి మాత్రం పరిశీలన విస్తీర్ణం లెక్కతోనే ఆగిపోతోంది. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ఉత్తర్వు, జీవో 168, పార్కింగ్‌ను నిర్మాణ విస్తీర్ణంలో ఇంత శాతం అని చెబుతుంది. ఆ శాతం సరిపోయినా కారు పట్టకపోవచ్చు.

ఒక స్టిల్ట్, అంటే ఇంటి కింద స్తంభాల (కాలమ్‌ల) మధ్య పార్కింగ్‌కు వదిలే అంతస్తు, తీసుకోండి. కాలమ్‌ల మధ్య సెంటర్ టు సెంటర్ 4.2 మీటర్లు. 23 సెంటీమీటర్ల కాలమ్ మందం తీసేస్తే ఖాళీ 3.97. ఫార్చ్యూనర్ వెడల్పు, అద్దాలు వదిలేస్తే, 1.855 మీటర్లు. రెండు పక్కపక్కన పెడితే 3.71. మిగిలేది 26 సెంటీమీటర్లు. తలుపు తీసి మనిషి దిగాలంటే ఒక్క పక్కనే 60 కావాలి. ప్లాన్‌లో అక్కడ రెండు కార్ల బొమ్మలుంటాయి, ఇల్లు పూర్తయ్యాక రెండో కారు వీధిలో ఉంటుంది.

ర్యాంపుది ఇంకా పెద్ద గొడవ. రోడ్డు మళ్లీ వేసినప్పుడల్లా పాత పొర గీకకుండా దాని మీదే వేస్తున్నారు, రోడ్డు లేస్తోంది. వాన నీళ్లు ఇంట్లోకొస్తాయన్న భయంతో యజమాని ముందే మూడడుగులు, అంటే 90 సెంటీమీటర్లు, ఎత్తు పెంచుకుంటున్నాడు. సెల్లార్ ర్యాంపుకు నిబంధన చెప్పే వాలు 8కి 1. ఆ లెక్కన 90 సెంటీమీటర్లకు 7.2 మీటర్ల ర్యాంపు కావాలి. ఇంటి ముందు హద్దు దాకా వదిలిన ఖాళీ, అంటే సెట్‌బ్యాక్, 3 మీటర్లే అయితే వాలు నిటారుగా మారి కారు అడుగు నేలకు రాసుకుంటుంది. దాంతో ర్యాంపును గేటు దాటించి, సైడు కాలువ మీదుగా రోడ్డు మీదకి పోస్తారు. మన మున్సిపాలిటీలే దాన్ని పగలగొట్టి పోతాయి, నెలలోపే మళ్లీ కడతారు. యజమానికి వేరే దారి లేదు మరి. పాత పొర గీకి రోడ్డు వేయమని మీ శాఖ కాంట్రాక్టులోనే రాస్తే ఈ ఎత్తుల పోటీ సగం తగ్గుతుంది.

ఎవరైనా సొంతింటికి నాలుగు కార్లు పట్టే పెద్ద గ్యారేజీ అడిగితే సైజు చూసి తిరస్కరించొద్దని మా మనవి. అది నిజంగా గ్యారేజీయేనా అన్నది డ్రాయింగ్‌లోనే తెలుస్తుంది. రోడ్డు వైపు వరసగా చిన్న షట్టర్లు, ఒక్కో గదికి వేరే మీటరు పాయింటు, లోపల టాయిలెట్ లైను ఉన్నాయంటే అవి రేపటి దుకాణాలు. స్టిల్ట్‌లో వాచ్‌మన్ గది, టాయిలెట్లకు కలిపి 25 చదరపు మీటర్ల దాకా నిబంధనే ఒప్పుకుంటుంది, అంతకు మించిన గోడ కనిపిస్తే అడగాలి.

సెట్‌బ్యాక్‌లో కారుకు రేకుల షెడ్డు వేస్తే పక్కింటి గోడ తడుస్తుంది. 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పున్న షెడ్డు మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 900 లీటర్లు. ఆ నీళ్లు అటు పోకుండా వాలు ఇంటివైపే ఉండాలి, గట్టర్ నుంచి పైపు ఇంకుడు గుంతకు దిగాలి.

కాబట్టి ఆన్‌లైన్ దరఖాస్తులో రెండు డ్రాయింగులు తప్పనిసరి చేయండి. ఒకటి, రోడ్డు మధ్య నుంచి స్టిల్ట్ నేల దాకా లెవెల్స్ రాసిన సెక్షన్, అంటే నిలువు కోత బొమ్మ. రెండోది, కాలమ్‌ల మధ్య ఖాళీ, బీము కింద ఎత్తు రాసిన పార్కింగ్ లేఅవుట్. బీము కింద వేలాడే నాలుగంగుళాల డ్రైనేజీ పైపు కూడా అందులో చూపాలి. సాధారణంగా తల తగిలేది దానికే.

తనిఖీ ఎప్పుడన్నదే అసలు విషయం. స్లాబు పడ్డాక కాలమ్ జరగదు. పునాదుల మార్కింగ్ రోజున ఒకరు టేపుతో వచ్చి అరగంట కొలిస్తే, తప్పును ముగ్గు చెరిపినంత సులువుగా దిద్దొచ్చు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు వచ్చినప్పుడు, ప్లాన్ ప్రకారమే కడతామని పూచీగా రాసిచ్చిన మార్ట్‌గేజ్ విడిపించే ముందు, యజమాని కారునే గేటులోంచి లోపలికి నడిపించి, తలుపు తీయించి చూడమనండి.

ఇట్లు,
ఇళ్ల ప్లాన్లు గీసే కొందరు ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు