కాలువ పనికి మన ఇంటి వంతు

డెల్ఫ్ట్, నెదర్లాండ్స్
అక్టోబర్

నాయనా,

నువ్వు, అమ్మ బాగున్నారని తలుస్తాను. మొన్న ఫోన్‌లో మాట సగంలో ఆగిపోయింది. నాకు ఆఫీసు టైమైంది, నీకు కోపమొచ్చింది. చెరువుకు నీళ్లొచ్చే కాలువ పూడిపోయిందన్నావు. పదిమందిని పిలిస్తే ఇద్దరొచ్చారన్నావు. యాభై వేలు పంపితే జేసీబీ పెట్టి మనమే తీయించేద్దామన్నావు. అప్పుడు సరే అనలేకపోయాను, కాదనలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడ నేనుండే ఊళ్లో చాలా భాగం సముద్రమట్టం కంటే కిందే ఉంటుంది. గట్లు, కాలువలు, పంపులు పనిచేయకపోతే మా వీధిలో నీళ్లు నిలబడతాయి. వీటిని చూసుకోవడానికి దేశంలో 21 నీటి బోర్డులున్నాయి. కొన్ని 13వ శతాబ్దం నాటివి. వీటికి విడిగా ఎన్నికలు జరుగుతాయి. 2023 మార్చిలో నేనూ ఓటేశాను. ఈ దేశ పౌరుణ్ణి కాకపోయినా, ఉండటానికి పర్మిట్ ఉంటే చాలు. ఎర్ర పెన్సిల్‌తో గడి నింపి వచ్చాను. పార్లమెంటుకు నా ఓటు పనికిరాదు గానీ కాలువకు పనికొచ్చింది. ఏటా పన్ను కూడా కడుతున్నానులే, ఊరికే ఇవ్వలేదు.

వీళ్లు మనకంటే మంచివాళ్లని మాత్రం అనుకోకు. పక్కింటి వాళ్లతో మాట్లాడాలన్నా ముందు టైం అడిగే మనుషులు. 1953 ఫిబ్రవరిలో సముద్రం గట్లు తెంచుకొచ్చి 1,836 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ భయం వీళ్లను ఇంకా వదల్లేదు. గట్లలో బొరియలు చేసే నీటి ఎలుకలను పట్టడానికి జీతమిచ్చి మనుషులను పెట్టుకున్నారు. మన గట్టు మీద పందికొక్కుల కోసం నువ్వు పలుగు పట్టుకుని తిరిగేవాడివి. జీతం సంగతి నీకు ఎవరూ చెప్పలేదు పాపం.

నన్ను ఆపేసిన విషయం ఇంకొకటుంది. ఇక్కడ ఎవరి పొలం పక్కన పిల్లకాలువ ఉంటే ఆ రైతే చలికాలం రాకముందే దాన్ని శుభ్రం చేయాలి. చెప్పిన తేదీ దాటాక బోర్డు మనుషులు వచ్చి కాలువ వెంట నడిచి చూస్తారు. చేయకపోతే వాళ్లే చేయించి బిల్లు పంపుతారు. ఇందులో దేశభక్తి ఏమీ లేదు. చూడటానికి ఒక మనిషి వస్తాడని తెలుసు, అంతే.

మనకూ ఇది కొత్త కాదు. తాత కుడిమరామత్తు గురించి చెప్పేవాడు గుర్తుందా, చెరువు, కాలువల మరమ్మతుకు ఇంటికో మనిషి పారతో రావాల్సిందేనని. కానీ 1858లోనే మద్రాసు సర్కారు రానివాళ్ల మీద చట్టం తెచ్చిందని చదివాను. అంటే ఎగ్గొట్టేవాళ్లు అప్పుడూ ఉన్నారన్నమాట. 'మా కాలంలో అందరూ వచ్చేవాళ్లు' అని నువ్వంటుంటే అందుకే నవ్వొస్తుంది.

2021 నవంబర్ రాత్రి మర్చిపోలేను. మన తిరుపతి పక్క రాయలచెరువు గట్టు కారుతోందని, గండి పడితే కిందున్న ఊళ్లన్నీ పోతాయని ఖాళీ చేయించారు. నువ్వు ఆవులను వదిలి రానని మొండికేశావు. ఆ వారం ఊళ్లో ఎవరికీ పిలుపు అవసరం కాలేదు. ఇసుక మూటలు మోసిన వాళ్లలో, ఇప్పుడు నీ కాలువ పనికి రానంటున్న కుర్రాళ్లూ ఉన్నారు. మనుషులు చెడిపోలేదు నాయనా. వానాకాలం ముందు ఎవరికీ గట్టు గుర్తుండదు.

గంగజాతర చూడు. చాటింపు పడిందంటే ఊరి పొలిమేర దాటి రాత్రి ఉండరు. ఇంటికింత అంటే బెంగళూరులో ఉన్నవాడు కూడా పంపుతాడు. కాలువకు చాటింపు వేస్తే మాత్రం ఇల్లు కూడా దాటరు.

యాభై వేలు పంపగలను. కానీ పంపితే అది హాలండు అబ్బాయి కాలువ అయిపోతుంది. వచ్చే ఏడు పూడితే నాకే ఫోన్ చేస్తారు. అందుకని మన ఇంటి వంతు ఎంతో లెక్క వేసి చెప్పు, జాతరకు ఇచ్చినట్టే ఇస్తాను. నీటి సంఘం వాళ్లతో మాట్లాడి ఒక ఆదివారం ఖాయం చేయి. ఆ రోజు కాలువ మొదటి నుంచి, చెరువు నిండితే నీళ్లు పొర్లే మొరవ దాకా అందరూ కలిసి ఊరికే నడవండి. పలుగూ పారా వద్దు. ఎవరి గట్టు ఎలా ఉందో అందరూ చూస్తే చాలు, మిగతాది తర్వాత. టీ, బోండాల ఖర్చు నాది.

ఇంకొకటి. ఆ నడకలో మొదట సిగ్గుపడేది మనమే. మామిడి తోట పక్కన కాలువలోకి వంగిన కంపచెట్లు నేను ఉన్నప్పుడే కొట్టాల్సింది. రెండేళ్లు వాయిదా వేసి విమానమెక్కేశాను. ఆదివారానికి ముందే కూలీలను పెట్టి వాటిని తీయించు. ఆ డబ్బు ఈ రోజే పంపుతున్నాను.

మోకాలికి మాత్రలు వేసుకుంటున్నావా? అమ్మను అడిగానని చెప్పు.

నీ కొడుకు