డూప్లికేట్ వదిలెయ్ రా, ఎక్స్‌టెండ్ పెట్టుకో

ఒరేయ్ మావా,

నీ మెసేజ్ చదివాను. వచ్చే వారం ప్రెజెంటేషన్ ఉందని, ప్రొజెక్టర్ అంటేనే టెన్షన్‌గా ఉందని, పైగా కొత్తగా కొన్న 4కే మానిటర్‌కి లాప్‌టాప్ తగిలిస్తే "నో సిగ్నల్" అని ఒక్క ముక్క చూపించి ఆరిపోతోందని రాశావు. ఫోన్‌లో చెప్తే ఇటు విని అటు వదిలేస్తావు, అందుకే తీరిగ్గా రాస్తున్నా. పొడుగైతే తిట్టుకో, కానీ చివరిదాకా చదువు.

పైన రాసిన డూప్లికేట్, ఎక్స్‌టెండ్ అంటే రెండు తెరల్ని వాడుకునే పద్ధతులు, వాటి సంగతి తర్వాత చెప్తా. ముందు ఆ నో సిగ్నల్ సంగతి చూద్దాం. మానిటర్ వెనక రెండు మూడు సాకెట్లు ఉన్నాయి కదా, వాటిలో దేని నుంచి బొమ్మ తీసుకోవాలో కొన్ని మానిటర్లు వాటంతటవే వెతుక్కుంటాయి, కొన్ని వెతుక్కోవు. కింద అంచునో వెనకో ఉండే బటన్ నొక్కితే ఇన్‌పుట్ అనో సోర్స్ అనో మెనూ వస్తుంది, నువ్వు కేబుల్ ఎందులో గుచ్చావో అదే ఎంచుకో. కేబుల్ హెచ్‌డీఎంఐ 1లో ఉండి మెనూలో హెచ్‌డీఎంఐ 2 ఉంటే తెల్లవార్లూ కూర్చున్నా ఏమీ రాదు.

అయినా నాకు అసలు అనుమానం నీ టైప్ సీ కేబుల్ మీద. ఫోన్‌తో వచ్చిన చార్జర్ కేబులే పెట్టానన్నావు చూడు, అక్కడే ఉంది తిరకాసు. టైప్ సీ పోర్టులన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, చేసే పని మాత్రం ఒకటి కాదు. కొన్ని చార్జింగ్‌కీ డేటాకీ మాత్రమే పనికొస్తాయి. బొమ్మ బయటికి పంపాలంటే ఆ పోర్టుకి డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనే సదుపాయం ఉండాలి. పోర్టు పక్కన బాణం మొనతో మెరుపు గుర్తు ఉంటే థండర్‌బోల్ట్, అంటే బొమ్మ కూడా పంపగల రకం, ఇక బెంగలేదు. డీ లోపల పీ ఇరికించినట్టుండే డిస్‌ప్లేపోర్ట్ గుర్తు ఉన్నా సరే. ఏ గుర్తూ లేకపోతే నీ లాప్‌టాప్ మోడల్ నంబర్ పెట్టి కంపెనీ ఇచ్చిన వివరాలు చూడు, ఎందుకంటే బొమ్మ పంపగలిగి కూడా గుర్తు వేయని లాప్‌టాప్‌లు ఉన్నాయి. ఇక కేబుల్. ఫోన్ చార్జింగ్ కేబుళ్లలో చాలావాటికి బొమ్మ మోసే తీగలే ఉండవు, కాబట్టి పోర్టు ఎంత గొప్పదైనా ఆ కేబుల్‌తో పని జరగదు. ఈ గొడవంతా ఎందుకనుకుంటే హెచ్‌డీఎంఐ పెట్టేసెయ్.

4కే అన్నావు కాబట్టి ఇంకో మాట. బొమ్మ వచ్చాక మౌస్ బాణం అంటుకుపోతూ కదులుతున్నట్టు అనిపిస్తే మానిటర్ పాడైందని వాపసు ఇచ్చేయకు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్లి రిఫ్రెష్ రేట్ చూడు. 30 హెర్ట్జ్ అని ఉంటే అదే కారణం. పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కే బొమ్మని సెకనుకి 30 సార్లకు మించి మార్చలేదు, 60 కావాలంటే 2.0 ఉండాలి, లాప్‌టాప్‌లోనూ మానిటర్‌లోనూ. మధ్యలో చవక హబ్ (ఒక పోర్టుని చాలా పోర్టులుగా చేసే డబ్బా) ఏదైనా పెట్టావంటే చాలాసార్లు 30 దగ్గర ఆపేసేది అదే. ఇక అక్షరాలు చీమల్లా కనిపిస్తే రిజల్యూషన్, అంటే తెర మీద చుక్కల లెక్క, తగ్గించకు, మసకబారుతుంది. స్కేల్ అని ఉంటుంది, దాన్ని 150 శాతం చెయ్, అక్షరాలు పెద్దవవుతాయి, పదును పోదు.

ఇప్పుడు అసలు సంగతి. విండోస్ బటన్ పట్టుకుని పీ నొక్కితే నాలుగు ఎంపికలు వస్తాయి. లాప్‌టాప్ స్క్రీన్ మాత్రమే, డూప్లికేట్, ఎక్స్‌టెండ్, రెండో స్క్రీన్ మాత్రమే. ప్రపంచంలో సగం మంది డూప్లికేట్ పెట్టేసి, నా డెస్క్‌టాప్ అందరికీ కనిపిస్తోంది, మెసేజ్‌లు కనిపిస్తున్నాయి, బొమ్మ సాగిపోయింది అని ఏడుస్తారు. నువ్వు కూడా అదే చేస్తున్నావు కదా? డూప్లికేట్ అంటే రెండు తెరల మీదా ఒకే బొమ్మ, అంటే రెండూ ఒప్పుకునే ఒక సైజు కావాలి. నీ లాప్‌టాప్ 1920 బై 1080 చుక్కలు, మీ హాల్లో ప్రొజెక్టర్ పాతదైతే 1024 బై 768 అయ్యుంటుంది, ఒకటి వెడల్పు, ఇంకోటి దాదాపు చదరం. దాంతో విండోస్ నీ లాప్‌టాప్‌ని ప్రొజెక్టర్ స్థాయికి దింపేస్తుంది, పక్కన నల్ల పట్టీలు వస్తాయి, అక్షరాలు అలికినట్టు ఉంటాయి. తప్పు ప్రొజెక్టర్‌ది కాదు, లాప్‌టాప్‌దీ కాదు.

ఎక్స్‌టెండ్ పెడితే ఆ బాధ లేదు, దేని సైజు దానిదే. నీ బల్ల పక్కన ఇంకో బల్ల వేసుకున్నట్టు అనుకో, నువ్వు అక్కడికి జరిపింది మాత్రమే అక్కడ ఉంటుంది. నీ మెయిల్, నీ చాట్, మొన్న సగంలో ఆపేసిన క్రికెట్ స్కోర్ అన్నీ ఇటువైపే ఉండిపోతాయి. ఒక విండోని అటు పంపాలంటే విండోస్, షిఫ్ట్ రెండూ పట్టుకుని కుడి బాణమో ఎడమ బాణమో నొక్కు, టక్కున గెంతుతుంది. ఏదైనా ప్రోగ్రామ్ తెరిచినా కనపడకుండా, లేని తెర మీద దాక్కున్నప్పుడు కూడా ఇదే చిట్కా.

అన్నట్టు, మౌస్‌ని కుడివైపు తోస్తే గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోయి ఎడమవైపు నుంచి అవతలికి పోతోందన్నావు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అని రెండు పెట్టెలు కనిపిస్తాయి, వాటిని మౌస్‌తో పట్టుకుని నీ బల్ల మీద నిజంగా ఎలా ఉన్నాయో అలా జరుపు. పైకీ కిందికీ కూడా సరిచూసుకో, లేకపోతే బాణం ఒక తెర మధ్యలోంచి వెళ్లి ఇంకో తెర మూలన తేలుతుంది.

ప్రెజెంటేషన్‌కి ఎక్స్‌టెండ్ ఎందుకు ముఖ్యమంటే, పవర్‌పాయింట్‌లో ప్రెజెంటర్ వ్యూ అనేది దానితోనే కుదురుతుంది. అటువైపు స్లైడ్ మాత్రమే కనిపిస్తుంది. ఇటువైపు నీకు నోట్స్, తర్వాతి స్లైడ్, ఎంతసేపైందో చూపించే గడియారం ఉంటాయి. కాయితాలు తిరగేసుకుంటూ తల దించుకునే అవసరమే లేదు. ఒక్కోసారి తారుమారై నోట్స్ అందరికీ, స్లైడ్ నీకూ కనిపిస్తుంది, అప్పుడు కంగారు పడకు, ప్రెజెంటర్ వ్యూ పైన డిస్‌ప్లే సెట్టింగ్స్ అని ఉంటుంది, అందులో స్వాప్ నొక్కితే అటుది ఇటు ఇటుది అటు అయిపోతుంది. మధ్యలో ఎవరో ప్రశ్న అడిగి అందరూ నీ వైపు చూడాలనుకుంటే బీ నొక్కు, తెర నల్లగా అయిపోతుంది, మళ్లీ బీ నొక్కితే వస్తుంది. నాకైతే పవర్‌పాయింట్ మొత్తంలో అంతకంటే నచ్చిన బటన్ లేదు. ఇంట్లో ఆ మానిటర్ ఉంది కాబట్టి దాన్నే ప్రొజెక్టర్ అనుకుని ఈ పనులన్నీ ముందే చేసి చూసుకో. మంచి కుర్చీలో కూర్చుని మాత్రం ప్రాక్టీస్ చేయకు, అక్కడ నిలబడాలి కదా, నిలబడే చెయ్.

వీడియో కూడా చూపిస్తానన్నావు. హెచ్‌డీఎంఐ తగిలించగానే శబ్దం కూడా చాలాసార్లు దాంతోపాటే అటు వెళ్లిపోతుంది, ప్రొజెక్టర్ స్పీకర్ మూలిగినట్టు వినిపించినా సరే. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి ఏ పరికరంలో వినిపించాలో నువ్వే ఎంచుకో. హాల్లో నీలం రంగు వీజీఏ కేబుల్ మాత్రమే ఉంటే అందులో శబ్దం అసలు పోదు. 1987లో ఐబీఎం తెచ్చిన పద్ధతి అది, బొమ్మ ఒక్కటే మోస్తుంది, అయినా పాత ప్రొజెక్టర్లకి ఇంకా ఉంటుంది. అప్పుడు నీకు హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ కావాలి. కొనేటప్పుడు దిక్కు చూసుకో, వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది వేరే సరుకు, తిప్పి పెడితే పని చేయదు. ఇంకోటి, ఓటీటీ యాప్‌లో సినిమా ముక్క చూపిద్దామనుకుంటే వీజీఏ మీద చాలాసార్లు వీడియో ఉండాల్సిన చోట నలుపే కనిపిస్తుంది. కాపీ కొట్టకుండా పెట్టే హెచ్‌డీసీపీ అనే తాళం ఆ పాత కేబుల్‌లో ఉండదు, అందుకే. నీ దగ్గరున్న ఫైల్ అయితే ఈ గొడవ లేదు.

ప్రొజెక్టర్ విషయంలో చెప్పాల్సింది తక్కువే. బొమ్మ పైన వెడల్పుగా కింద ఇరుకుగా వస్తే కీస్టోన్ బటన్‌తో సరిచేస్తారు, కానీ అది బొమ్మలో కొంత భాగాన్ని నొక్కి సరిచేస్తుంది కాబట్టి అక్షరాల పదును తగ్గుతుంది, ముందు ప్రొజెక్టర్‌నే తెరకి తిన్నగా జరిపి చూడు. ల్యాంప్ ఉన్న పాత రకమైతే అయిపోగానే ప్లగ్ పీకేయకు, పవర్ బటన్‌తో ఆపి ఫ్యాన్ తిరగడం ఆగేదాకా ఉండనివ్వు. స్లైడ్‌లో లేత బూడిద రంగు అక్షరాలు మాత్రం తీసెయ్ దయచేసి, వెలుతురున్న గదిలో అవి ఎవరికీ కనపడవు.

లాప్‌టాప్ మూసేసి మానిటర్ మీదే పని చేసుకోవచ్చా అని అడిగావు. చేసుకోవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, మూత మూస్తే ఏమీ చేయొద్దు అని పెట్టు. చార్జింగ్‌లో ఉన్నప్పటి వరుసలో మాత్రమే మార్చు, బ్యాటరీ మీద ఉన్నప్పటిది కదిలించకు, లేకపోతే మూసి బ్యాగులో పెట్టాక లోపల అది నడుస్తూనే వేడెక్కుతుంది. కీబోర్డు, మౌస్ విడిగా కావాలి మరి, అవి ఉన్నాయా నీ దగ్గర?

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటుంది. రేపు ఆ హాలుకి వెళ్లి ప్రొజెక్టర్ వెనక సాకెట్లు, అక్కడ వేలాడుతున్న కేబుల్ చివర, నీ లాప్‌టాప్ రెండు పక్కలా ఉన్న పోర్టులు, అన్నీ ఫొటోలు తీసి పంపు. అడాప్టర్ కావాలో వద్దో, కావాలంటే ఏదో చూసి చెప్తా, అప్పటిదాకా ఏమీ కొనకు.

ఉంటా మరి,
నీ మావ