కార్డు ఉంది కదా అన్నావు

ప్రియమైన సింహాచలం,

నిన్న ఫోనులో నువ్వడిగిన దానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పక్కనే అక్క కూర్చుని ఉంది. "ఆరోగ్యశ్రీ కార్డు ఉంది, ఆపరేషన్‌కి పైసా కట్టలేదంటున్నావు, మరి కొబ్బరితోట తాకట్టు ఎందుకు పెట్టారు?" అన్నావు. ఊళ్లో కూడా చాలామంది ఇదే అంటున్నారు. ఆ మాట అక్క చెవిన పడినప్పుడల్లా ఆమె ముఖం చూడలేకపోతున్నాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

బావ కాయలు దింపుతూ చెట్టు మీద నుంచి పడ్డాడని నీకు తెలుసు. పడ్డాక తెలివిలోనే ఉన్నాడు. "నడుము పట్టేసింది, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి" అన్నాడట. చుట్టుపక్కల వాళ్లు పరుగున వచ్చి ఒకరు చంకల కింద, ఒకరు మోకాళ్ల కింద చేతులు వేసి లేపి ఆటోలో కూర్చోబెట్టారు. ప్రేమతోనే చేశారు. కానీ వెన్నుపూస విరిగిన మనిషిని అలా మడవకూడదు. కదపకుండా ఉంచి 108కి ఫోను చేయాలి. ఎత్తక తప్పకపోతే నలుగురు కలిసి తల, నడుము, కాళ్లు ఒకే వరసలో ఉండేలా చెక్క మీదికి దొర్లించాలి. లేకపోతే విరిగిన ఎముక వెన్నుపామును ఇంకా నొక్కేస్తుంది. బావకి ఆటో దిగేసరికి కాళ్లలో స్పర్శ లేదు. ఊరూరా చెట్టెక్కేవాళ్లున్న ఉద్దానంలో ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లుగా ఎవరూ నేర్పకపోవడం నాకు కడుపు మండిస్తోంది.

ఆ తర్వాత దూరం. కవిటి నుంచి శ్రీకాకుళమే వంద కిలోమీటర్ల పైమాట, అక్కడి నుంచి విశాఖ ఇంకో వంద. బరంపురం దగ్గరే, కానీ పరాయి రాష్ట్రం, అక్కడికి వెళ్తే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఈ తర్జనభర్జనలోనే చాలా పొద్దు గడిచిపోయింది. వెన్నుపాము మీద ఒత్తిడి వీలైతే 24 గంటల్లోపే తీసేయడం మంచిదని డాక్టర్లు అంటారు.

చివరికి విశాఖలో ఆపరేషన్ జరిగింది. రాడ్లు, స్క్రూలు బిగించారు. ఖర్చంతా కార్డు మీదే వెళ్లింది. ఆ మేలు మరిచిపోలేను. 2007లో ఆ పథకం రాకముందైతే మన వైపు ఎంతమంది విశాఖ దాకా వెళ్లగలిగేవారు? అయితే ఆపరేషన్ ఎముకను నిలబెడుతుంది, ఒత్తిడి తీస్తుంది, అంతవరకే. చితికిపోయిన నరాలకు ప్రాణం పోయలేదు. "ఆపరేషన్ అయిపోయింది కదా, ఎప్పుడు నడుస్తాడు?" అని వచ్చిన ప్రతివారూ అక్కనే అడుగుతారు.

ఆ వార్డులోనే రణస్థలం వైపు కుర్రాడొకడు ఉండేవాడు. బండి జారి పడ్డాడు. హెల్మెట్ బండికే తగిలించి ఉందట. లేచి బట్టలు దులుపుకున్నాడు, ఇంటికొచ్చి టీ తాగాడు, అందరితో మాట్లాడాడు. కాసేపటికి తలనొప్పి, వాంతి, నిద్ర. "అలిసిపోయాడు, పడుకోనివ్వండి" అన్నారు ఇంట్లోవాళ్లు. వాళ్లమ్మకి మాత్రం ఆ గురక తేడాగా అనిపించి తట్టి లేపబోతే లేవలేదు. పుర్రెకీ మెదడు పైపొరకీ మధ్య రక్తం చేరుతుంటే అలాగే జరుగుతుందట, మొదట మామూలుగా ఉన్న మనిషి గంటల్లో స్పృహ తప్పుతాడు. సమయానికి పుర్రె తెరిచి ఆ గడ్డ తీశారు కాబట్టి బతికాడు. తలకి దెబ్బ తగిలాక వాంతి, మత్తు కనిపిస్తే ఆ రాత్రి నిద్రపోనిచ్చి చూద్దాం అనుకోకూడదని మీ ఇంట్లో కూడా చెప్పు.

ఇక నువ్వడిగిన అప్పు. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ అక్క, మేనల్లుడు వరండాలో చాప మీద పడుకున్నారు. వాళ్ల తిండి, బస్సులు, బయట కొన్న మందులు, ఇవేవీ కార్డు మీద వెళ్లలేదు. ఇంటికి వచ్చాక అసలు ఖర్చు మొదలైంది. మూత్రానికి గొట్టం, డైపర్లు, గాలి పరుపు, ఇంటికి వచ్చి కాళ్లూ చేతులూ ఆడించే ఫిజియోథెరపీ అబ్బాయి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది, రాత్రిళ్లు కూడా. అందుకని అక్క జీడిపిక్కల పని మానేసింది. బావ కూలీ పోయింది, అక్క కూలీ పోయింది, మేనల్లుడు చదువు ఆపి చెన్నై పనికి వెళ్లాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ. ఆ తోట నిలుస్తుందా, నువ్వే చెప్పరా?

ఇది మన ఇంటి కథే కాదు. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ శస్త్రచికిత్సల మీద 2015లో ఇచ్చిన నివేదిక చూశాను. ఆపరేషన్ బిల్లు వల్ల ప్రపంచంలో ఏటా 3.3 కోట్ల మంది ఆర్థికంగా చితికిపోతుంటే, ప్రయాణం, తిండి వంటి పై ఖర్చుల వల్ల ఇంకో 4.8 కోట్ల మంది చితికిపోతున్నారట. బిల్లు కంటే పై ఖర్చులే ఎక్కువ మందిని ముంచుతున్నాయి! ఇది చదివాక అక్కని తప్పుపట్టే వాళ్లందరికీ ఆ లెక్క చూపించాలనిపించింది.

రోడ్డు ప్రమాదమైతే 2025 నుంచి కేంద్రం ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు లేకుండా చికిత్స చేయిస్తోంది. చెట్టు మీద నుంచి పడినవాడికి అది వర్తించదు. చెట్టెక్కేవాళ్ల కోసం కొబ్బరి అభివృద్ధి బోర్డుకి కేర సురక్ష అనే బీమా ఉంది, కానీ బావ పేరు అందులో లేదు, ఆ మాట విన్నవాళ్లే మా వీధిలో లేరు. మంచానికే పరిమితమైన వాళ్లకి మన రాష్ట్రంలో నెలకి 15,000 రూపాయల పింఛను ఉంది. దానికి వైకల్య ధ్రువపత్రం కావాలి. లేవలేని మనిషినని చూపించుకోవడానికి బావని ఆటోలో పడుకోబెట్టి శిబిరానికి తీసుకెళ్లాం. దారి పొడవునా ప్రతి గతుకుకీ అక్క అతని నడుము కింద చేతులు పెట్టి పట్టుకునే ఉంది. కాగితం ఇంకా రాలేదు.

నువ్వు చెన్నైలో ఉన్నావు కాబట్టి ఒక పని చేసిపెట్టాలి. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల కోసం 1966 నుంచి పునరావాస కేంద్రం ఉంది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ తానే ప్రమాదంలో కాళ్లు చచ్చుబడిపోయి, చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసిందట. అక్కడ ఎన్నాళ్లు ఉంచుకుంటారు, తోడున్న వాళ్లకి వసతి ఇస్తారా, ఖర్చెంత, వీలైతే స్వయంగా వెళ్లి కనుక్కో. స్కాన్ కాగితాలు ఫోటోలు తీసి రేపు పంపుతాను. మేనల్లుడు పెరంబూరు దగ్గర ఉంటున్నాడు, ఒకసారి వాడిని కలువు. తిన్నావా అని అడిగితే తిన్నాననే అంటాడు. నువ్వే ఇంటికి తీసుకెళ్లి పెట్టు.

నీ
సూర్యం